చలి గెలిచిన యుద్ధమా?

గత సంవత్సరము మన కళాశాలలో జరిగిన వక్తృత్వపు పోటీలో ఒక విద్యార్థి రెండవ ప్రపంచ యుద్ధమును గురించి పది నిమిషములు అనర్గళముగా ప్రసంగించినాడు. కంఠము గంభీరము, ఉచ్చారణ నిర్దుష్టము, శ, ష, సలు వేటికవి స్పష్టముగా వినిపించినవి. రష్యా చలియే లేకున్నచో హిట్లరు ప్రపంచమును జయించియుండెడివాడనియు, అంతటి దృఢసంకల్పము గల నాయకుడు నేడు మన దేశమునకు కావలెననియు అతడు ముగించగా సభామందిరము చప్పట్లతో మారుమ్రోగినది. ప్రథమ బహుమతి అతనికే లభించినది. ఆ బహుమతిని నిర్ణయించిన ముగ్గురిలో మేమొకరము. తెలుగు అధ్యాపకులము గనుక భాషకు, ఉచ్చారణకు మార్కులు వేయుటయే మా వంతనుకొని వేసినాము. విషయమునకు మార్కులెవరు వేసినారో మాకు తెలియదు. బహుశా ఎవరును వేయలేదు.

ఆ ప్రసంగములోని దోషము ఇంటికి చేరిన తరువాత గాని మాకు తోచలేదు. అదియును మొదట చరిత్ర దోషముగా కాక, వ్యాకరణ దోషముగా తోచినది. 'చలి హిట్లరును ఓడించినది' అను వాక్యమును తీసికొనుడు. ఇందులో కర్త చలి. కర్మ హిట్లరు. మరి మనుష్యులెక్కడ? ఆ యుద్ధములో సోవియట్ దేశమొక్కటే సుమారు 2 కోట్ల 70 లక్షల ప్రాణములను కోల్పోయినది. వారిలో ఒక్కరును ఈ వాక్యములో ఏ విభక్తిలోను కనిపించరు. నాటి నుండి ఈ విషయమై దొరికినంతవరకు చదివినాము. చదివిన కొలది మా మార్కుల మీద మాకే సిగ్గు కలిగినది. ఈ వ్యాసమునకు అదియే కారణము.

మొదటి రెండు సంవత్సరముల కథ మన పాఠ్యపుస్తకములలో చక్కగానే ఉన్నది. 1939 సెప్టెంబరు 1న పోలెండుపై దండయాత్ర. 1940 జూన్ 14న పారిస్ పతనము. డన్‌కర్క్ తీరము నుండి సుమారు 3 లక్షల 38 వేలమంది సైనికులు ఓడలలో, పడవలలో తప్పించుకొనుట. ఆ వేసవిలోనే ఇంగ్లండు ఆకాశములో విమాన యుద్ధము. ఆ యుద్ధములో తొలిసారిగా జర్మనీ అనుకొన్నది అనుకొన్నట్లు జరుగలేదు. సెప్టెంబరు 17న సముద్రము దాటి దండెత్తు ఆలోచనను హిట్లరు వాయిదా వేసినాడు. అప్పుడింకను చలి రాలేదని మన వక్తకు గుర్తుచేయవలసియున్నది.

ఇక 1941 జూన్ 22. సుమారు 30 లక్షల జర్మన్ సైనికులు సోవియట్ సరిహద్దును దాటినారు. వారి వెంట టాంకులు మాత్రమే కాదు, 6 లక్షలకు పైగా గుర్రములు కూడ నడిచినవి. చలనచిత్రములలో మనము చూచు యంత్రసైన్యము సేనలో ముందుభాగము మాత్రమే. వెనుక వచ్చువారు కాలినడకను, బండి మీదను వచ్చినవారే. ఈ మహాప్రయత్నమంతయు కొన్ని వారములలో, మించినచో కొన్ని నెలలలో ముగియునను లెక్క మీద ఆధారపడినది. జర్మన్ సేనాధిపతుల ప్రధానోద్యోగియైన హాల్డర్ జూలై 3న తన దినచర్యలో యుద్ధమును రెండు వారములలో గెలిచినట్లే వ్రాసికొన్నాడు. ఆగస్టు 11న అదే చేతితో, శత్రువుకు 200 డివిజనులున్నవనుకొంటిమి, ఇప్పటికే 360 లెక్కకు వచ్చినవని వ్రాసికొన్నాడు. జూలైకిని ఆగస్టుకును నడుమ మారినది వాతావరణము కాదు, లెక్క.

ఆ ఆగస్టులో జరిగిన స్మొలెన్‌స్క్ పోరాటములు మన విద్యార్థులకు పేరుకు కూడ తెలియవు. అక్కడ సోవియట్ సేనలు గెలువలేదు, భయంకరముగా నష్టపోయినవి. కాని మాస్కో దారిలో శత్రువును వారములకొలది నిలిపినవి. ఎల్న్యా అను చిన్న పట్టణమును సెప్టెంబరు 6న తిరిగి గైకొన్నవి. ఇది ఎండలు కాయుచున్నప్పటి మాట. ఈ లోపల రైలుమార్గము జర్మనీకి మరియొక శత్రువైనది. సోవియట్ పట్టాల నడుమ దూరము జర్మన్ పట్టాల కంటె సుమారు తొమ్మిది సెంటీమీటర్లు ఎక్కువ. ఒకప్పుడు మీటరు గేజి బండి దిగి, మూటముల్లెలతో బ్రాడ్ గేజి బండి ఎక్కిన మన పెద్దలకు ఇందులోని కష్టము చెప్పనక్కరలేదు. వారు ట్రంకుపెట్టెలు మార్చినారు. జర్మన్లు ఒక మహాసైన్యము యొక్క తిండిని, తూటాలను మార్చవలసి వచ్చినది. లేదా వేల మైళ్ల పట్టాలను పెకలించి దగ్గరకు జరుపవలసి వచ్చినది. సోవియట్ ఇంజనులు పెద్దవి గనుక నీటి మజిలీలు దూరదూరముగా ఉండెడివి. జర్మన్ ఇంజనులకు అంత దూరము వచ్చు నీరు పట్టదు. మాస్కో ముంగిట జర్మన్ సిపాయికి ఉన్ని కోటు లేకపోవుటకు కారణము చలి కాదు. కోట్లు పోలెండు గిడ్డంగులలో ఉన్నవి. ఉన్న కొద్ది బండ్లలో తూటాలు పోవలెనా, కోట్లు పోవలెనా యని అడిగినప్పుడు సేనాధిపతులు తూటాలనిరి.

ఇంకొక చిత్రము. అక్టోబరులో వర్షములు కురిసి దారులన్నియు బురదయైనవి. చక్రములు ఇరుసులదాక దిగబడినవి. నవంబరు మధ్యలో మంచు కురిసి నేల గట్టిపడిన తరువాతనే జర్మన్ టాంకులు తిరిగి ముందుకు కదలగలిగినవి. అనగా చలి మొదట హిట్లరు పక్షమున పనిచేసినది! డిసెంబరు 5న సోవియట్ సేనలు ఎదురుదాడి ప్రారంభించినప్పుడు చలి ఇరువురికి సమానమే. రష్యాలో డిసెంబరున చలి వేయునని 1812లో నెపోలియన్‌కు తెలిసివచ్చినది. 1941 నాటికి అది రహస్యము కాదు.

మరి 'చలి ఓడించినది' అను వాక్యమును ఎవరు కనిపెట్టినారు? ఓడిపోయిన సేనాధిపతులే. యుద్ధానంతరము వారికి తీరిక దొరికినది, కాగితము దొరికినది, చదువువారును దొరికినారు. మాన్‌స్టైన్ 1955లో ప్రచురించిన స్వీయచరిత్రకు 'పోగొట్టుకొన్న విజయములు' అని పేరు పెట్టినాడు. హాల్డర్ అమెరికా సైన్యపు చరిత్రశాఖకు చాల సంవత్సరములు పనిచేసినాడు. వీరి కథలో తప్పులన్నియు ఇద్దరివే: ఒకరు చచ్చిపోయిన హిట్లరు, రెండవది నోరులేని చలి. ఎదుటి సిపాయి పరాక్రమము లేదు, తమ లెక్కల తప్పు లేదు, తమ చేతులకంటిన రక్తము అసలే లేదు. సోవియట్ ప్రాంతపు ధాన్యమును తరలించినచో కోట్లాది ప్రజలు ఆకలితో మరణింతురని 1941 మే నెలలోనే జర్మన్ అధికారులు కాగితముల మీద వ్రాసికొన్నారు. దానిని ప్రమాదముగా కాదు, ప్రణాళికగా వ్రాసికొన్నారు. జర్మనీకి చిక్కిన సుమారు 57 లక్షల సోవియట్ యుద్ధఖైదీలలో సుమారు 33 లక్షల మంది మరణించినారు. వీరిలో అధికులను చంపినవి ఆకలి, రోగము, చలి. ఇక్కడ మాత్రము చలి నిజముగనే పనిచేసినది. దానికి పని అప్పగించినవారు ఈ సేనాధిపతులే.

ఆకలి యనగానే లెనిన్‌గ్రాడ్ జ్ఞప్తికి వచ్చుచున్నది. 1941 సెప్టెంబరు 8న మొదలైన ముట్టడి 1944 జనవరి 27 వరకు, 872 దినములు సాగినది. ఆ మొదటి శీతకాలములో, నవంబరు 20 నుండి డిసెంబరు 25 వరకు, ఉద్యోగులకు, పిల్లలకు, ఇంటనుండు వృద్ధులకు దినమునకు 125 గ్రాముల రొట్టె ఇచ్చినారు. అందులోను సగము పిండి కాదు. ఆ నగరములో ఒక విత్తన సంగ్రహాలయము కలదు. వవిలోవ్ అను శాస్త్రజ్ఞుడు లోకమంతయు తిరిగి సేకరించిన గోధుమలు, వరి, బఠానీలు, దుంపలు అందులో ఉన్నవి. వాటిని కాపాడు శాస్త్రజ్ఞులు ధాన్యపు సంచుల నడుమనే ఆకలితో మరణించినారు, గింజ ముట్టలేదు. ఇక వవిలోవ్ ఎక్కడ? స్టాలిన్ ప్రభుత్వము ఆయనను 1940లోనే బంధించినది. 1943 జనవరిలో సరతోవ్ చెరసాలలో ఆయన కూడ క్షీణించి మరణించినాడు. మేము సోవియట్ ప్రభుత్వమునకు స్తోత్రము చేయుచున్నామని ఎవరైన అనుకొందురేమోనని ఈ మాట వ్రాసినాము. 1937, 1938లలో తన సొంత సేనాధిపతులను వరుసగా చంపించినవాడు, 1941లో దాడి రానున్నదని వచ్చిన హెచ్చరికలను నమ్మనివాడు స్టాలిన్. అతనిని మెచ్చుకొనుటకు ఈ యుద్ధములో అవకాశము తక్కువ. ఆ ప్రజలను మరచుటకు అసలే లేదు.

ఇప్పుడు దృఢసంకల్పము సంగతి. అది స్టాలిన్‌గ్రాడ్‌లో చక్కగా కనిపించును. 1942 వేసవిలో జర్మనీ చమురు కొరకు కాకసస్ వైపు నడచినది. ఆగస్టులో మైకోప్ చిక్కినది గాని బావులను సోవియట్ వారు ముందే పాడుచేసినారు. అదే సమయమున హిట్లరు సైన్యమును రెండుగా చీల్చి ఒక భాగమును ఓల్గా నదీతీరపు నగరము మీదికి పంపినాడు. ఆగస్టు 23న విమానములు ఆ నగరమును తగులబెట్టినవి. తరువాత మూడు నెలలు పోరాటము వీధికి వీధి, మెట్టుకు మెట్టు సాగినది. 62వ సైన్యాధిపతి చుయ్‌కోవ్ తన సిపాయిలను శత్రువుకు చేయి చాచినంత దూరములో ఉండుడని ఆదేశించినాడు; అంత దగ్గర ఉన్నచో పైనుండి జర్మన్ విమానము బాంబు వేయజాలదు. ఇటు వెనుకకు ఒక్క అడుగును వేయరాదని స్టాలిన్ ఆజ్ఞ. మరలినవారిని కాల్చుటకు వెనుక దళములు. అటు నగరమును విడువరాదని హిట్లరు పట్టుదల. నవంబరు 19న సోవియట్ సేనలు నగరమును వదలి దూరముగా రెండు పార్శ్వముల మీద కొట్టినవి. అక్కడ కావలియున్నవి రుమేనియా సేనలు. టాంకులను ఆపగల ఫిరంగులు వారికి చాలినన్ని లేవు. నాలుగు దినములలో వలయము పూర్తియైనది. రెండున్నర లక్షలకు పైగా సైనికులు అందులో చిక్కినారు.

అప్పటికి దారి ఇంకను పూర్తిగా మూసికొనలేదు. బయటకు పొడుచుకొని వచ్చుటకు అనుమతి ఇమ్మని సేనాధిపతి పౌలుస్ కోరినాడు. హిట్లరు ఇవ్వలేదు. విమానముల ద్వారా సమస్తము అందింతునని గోరింగ్ మాట ఇచ్చినాడు. దినమునకు కనీసము 300 టన్నులు కావలెను. వచ్చినది సగటున నూరు టన్నులకు అటునిటు. గుర్రములను తిన్నారు. 1943 జనవరి 30న హిట్లరు పౌలుస్‌కు ఫీల్డు మార్షలు పదవి ఇచ్చినాడు. జర్మన్ ఫీల్డు మార్షలు ఎవడును శత్రువుకు లొంగి ఎరుగడు గనుక, తుపాకి కాల్చుకొనుమని ఆ బిరుదుకు అర్థము. మరునాడు పౌలుస్ లొంగిపోయినాడు. ఫిబ్రవరి 2న మిగిలినవారును లొంగినారు. సుమారు 91 వేలమంది ఖైదీలలో, పన్నెండేండ్ల లోపల స్వదేశమునకు తిరిగి వచ్చినవారు 6 వేలకు మించరు. నాయకుని సంకల్పము మాత్రము తుదివరకు చెక్కుచెదరలేదు. లెక్క తప్పినదని చెప్పినవానిని పిరికివాడనుట, చెప్పనివానికి పదవులిచ్చుట, ఎదుట నిలిచినది అంకెయైనను శత్రువైనను వినకపోవుట: మా విద్యార్థి దృఢసంకల్పమన్నది దీనినే. నిఘంటువులో దీనికి వేరే మాటలున్నవి.

చలివాదమునకు తుది సమాధానము 1943, 1944 వేసవులు. కుర్‌స్క్ యుద్ధము జూలై 5న మొదలైనది. దాడి ఎక్కడ జరుగునో ముందే ఎరిగిన సోవియట్ వారు వరుస వెంట వరుసగా కందకములు త్రవ్వి, మందుపాతరలు పరచి కూర్చున్నారు. జర్మన్ సేన మంచి ఎండలో, కొత్త టాంకులతో వచ్చి, రెండు వారములైనను పూర్తికాకముందే ఆగిపోయినది. ఇటలీలో సిసిలీ మీద మిత్రసేనలు జూలై 10న దిగుట కూడ ఆ నిర్ణయమునకు తోడైనది. మరుసటి సంవత్సరము జూన్ 6న నార్మండీ తీరమున మొదటి దినముననే సుమారు 1 లక్ష 56 వేలమంది దిగినారు. దానిని గురించి చలనచిత్రములున్నవి గనుక అందరికి తెలియును. ఆ జూన్ నెలలోనే తూర్పున ప్రారంభమైన బగ్రాతియోన్ దాడి మాత్రము ఎవరికి తెలియదు. జర్మన్ మధ్య సైన్యసమూహమే కూలిపోయినది. జూలై 3న మిన్‌స్క్ విముక్తమైనది. జూలై 17న సుమారు 57 వేల జర్మన్ ఖైదీలను మాస్కో వీధులలో నడిపించినారు. ఊరేగింపు జూలై ఎండలో జరిగినది.

మలుపు ఎక్కడ అని పరీక్షలలో అడుగుదురు. స్టాలిన్‌గ్రాడ్ అని వ్రాసిన వారికి మార్కులు పడును, పడనీయుడు. మా అభిప్రాయము అడిగినచో 1941 డిసెంబరు అందుము. ఒక్క దెబ్బతో ముగియవలసిన యుద్ధము ముగియలేదని ఆ నెలలో తేలినది. రెండవ పథకము లేదు. పైగా డిసెంబరు 11న హిట్లరు అమెరికా మీద తానుగా యుద్ధము ప్రకటించినాడు. స్టాలిన్‌గ్రాడ్ ఆ తీర్పు లోకమునకు వినిపించిన చోటు. చరిత్ర అధ్యాపకులు దీనిని ఒప్పుకొనకపోవచ్చును. వారితో వాదించుటకు మేము సిద్ధమే, కాని ఆ వాదములో చలికి చోటు లేదు.

విజేతలును కథలల్లుదురని మరువరాదు. మాస్కో రక్షణలో పోరాడిన పన్‌ఫిలోవ్ డివిజను మధ్య ఆసియాలోని అల్మా-అతాలో తయారైనది. అందులో కజాకులు, కిర్గిజులు, రష్యనులు కలసి పోరాడినారు. దానిలోని 28 మంది మాత్రమే టాంకులనాపి అందరును అమరులైరని ఒక పత్రిక వ్రాసినది, దేశమంతయు నమ్మినది. 1948లో సైనిక న్యాయాధికారులే విచారించి అది పత్రికా విలేఖరి కల్పనయని తేల్చినారు. అమరులైరన్న వారిలో కొందరు బ్రతికియున్నారు. ఆ డివిజను నిజముగనే పోరాడినది, నిజముగనే వందలమంది చనిపోయినారు. వారు చాలక కథ కావలసి వచ్చినది.

ఎక్కడి యుద్ధమో మనకెందుకని అనువారు కలరు. యూరపు ఖండములోనే, ఇటలీ కొండలలో 4వ, 8వ, 10వ భారత డివిజనులు పోరాడినవి. మోంటె కసినో కొండ క్రింద గారి నదిని దాటిన 1944 మే 12న విక్టోరియా క్రాసు పొందదగిన సాహసము చేసిన సిపాయి కమల్ రామ్ వయస్సు 19. అనగా మన బి.ఏ. రెండవ సంవత్సరపు విద్యార్థి వయస్సు. ఇంగ్లండు ఆకాశములో పోరాడిన 152, 253 సంఖ్యల విమాన దళములు హైదరాబాదు పేరు ధరించినవి. వాటికి ధనసహాయము నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేసినది. ఖజానా ఎవరి చెమటతో నిండినదో వేరుగ చెప్పనక్కరలేదు. టిప్పు సుల్తాను వంశమున జన్మించిన నూర్ ఇనాయత్ ఖాన్ 1943లో రహస్యముగా ఫ్రాన్సులో దిగి, పారిస్ నుండి లండనుకు వైర్‌లెస్ వార్తలు పంపినది. పట్టుబడి, సంకెళ్లలో నెలల తరబడి ఉండియు తోటివారి పేర్లు చెప్పలేదు. 1944 సెప్టెంబరు 13న డహావు నిర్బంధ శిబిరములో ఆమెను కాల్చి చంపినారు. వయస్సు 30. మా విద్యార్థి మెచ్చుకొన్న నాయకుని సంకల్పము చేసిన పనులలో ఇదియు ఒకటి. ఆ ప్రసంగము వినుచు మొదటి వరుసలో కూర్చున్న మన విద్యార్థినులలో ఒక్కరికైనను ఆమె పేరు మేము చెప్పియుండలేదు. తప్పు వారిది కాదు.

ఆ విద్యార్థికి ఇచ్చిన కప్పును తిరిగి అడుగవలెనని మా ఉద్దేశ్యము కాదు. భాషకు ఇచ్చిన మార్కులు నేటికిని న్యాయమైనవే. కళాశాల కమిటీ వారిని మేము కోరునది రెండే. రాబోవు పోటీలో న్యాయనిర్ణేతలలో ఒకరు చరిత్ర శాఖ నుండి ఉండవలెను. వేదిక మీద వక్త వెనుక పూలకుండీలకు బదులు యూరపు పటమొకటి వ్రేలాడదీయవలెను. పెద్ద పటము గ్రంథాలయపు బీరువా మీద చుట్టబడి ఉన్నది, దుమ్ము దులిపినచో చాలును. చప్పట్లు కొట్టునపుడు మిన్‌స్క్ ఎక్కడనో, మాస్కోకు ఎంత దూరమో కంటికి కనిపించుచుండును. విషయమునకు పది మార్కులు వేరుగ కేటాయించినచో, వాటిని వేయుటకు ఈసారి మేమును చదువుకొనియే వత్తుము.